ఒక్క తూటా – దాని వెల

కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలో నేడు నలుగురు విద్యార్థులు కూడినచోట ఫోనులో తుపాకుల ఆట సాగుతూనే ఉంటుంది. అక్కడ తరచు వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది: దూరాన దాగి ఒకే తూటాతో పడగొట్టే స్నైపర్ రైఫిల్ అన్యాయమైనది, దానిని తీసివేయాలి! ఈ వాదంతో నేను ఏకీభవించలేను.

మన కేరమ్ బల్లను చూడండి. ఎర్రకాయ విలువ అన్నిటికన్న మిన్న. అయినా వెంటనే మరొక కాయతో ఫాలో చేయనిదే అది మనది కాదు. విలువకు తగిన షరతు ఉండుటయే ఇన్సాఫు.

కౌంటర్ స్ట్రైక్‌లో ఎ.డబ్ల్యు.పి. స్నైపర్ వెల 4,750, ఎ.కె. 47 వెల 2,700 మాత్రమే. ప్రత్యర్థిని పడగొడితే ఎ.కె.కు 300 బహుమతి, దీనికి 100. 2022 నవంబరులో దాని మేగజైనును 10 తూటాల నుండి 5కు తగ్గించారు. దెబ్బ బలం తగ్గలేదు. తప్పిన తూటాకు మూల్యం పెరిగింది. 2020లో నిషేధింపబడిన పబ్‌జీ మొబైల్ స్థానంలో 2021లో వచ్చిన బి.జి.ఎం.ఐ.లో ఎ.డబ్ల్యు.ఎం. రైఫిల్ విమానం జారవిడిచే పెట్టెలో దొరుకుతుంది. దానికై వెళ్ళినవానిని ఆ పెట్టె పొగ అందరి కంటా పడవేస్తుంది.

కాని ఫ్రీ ఫైర్‌లో కొన్ని తుపాకి స్కిన్‌లు దెబ్బ బలాన్నే పెంచుతాయి. అక్కడ చెల్లించేది నేర్పు కాదు, తండ్రి జేబు. బీడీలు చుట్టే తల్లి కుమారుడు గురి తప్పకనే ఓడిపోవచ్చు.

మిత్రులారా! మనం నిరసించవలసినది బలమైన తుపాకిని కాదు, డబ్బుకు అమ్ముడయ్యే బలాన్ని.