నదీనదాల ముచ్చట్లు: కావేరి మూపురపు చేప

శ్రీరంగపట్నమైనా, భవాని అయినా, శ్రీరంగమైనా, కావేరిలో మునిగిన తరువాత గట్టున నిలిచి చేపలకు గుప్పెడు బొరుగులు చల్లని కుటుంబం మనలో అరుదు. ఆ నదికే సొంతమైన ఒక మహామత్స్యం నేడు కనుమరుగవుతున్నదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

దానిని మూపురపు మహసీరు అంటారు. తల వెనుక ఎద్దుకున్నట్లు మూపురం, నారింజ రంగు రెక్కలు దాని గుర్తులు. కావేరిలోనూ దాని ఉపనదులలోనూ తప్ప లోకంలో మరెక్కడా పుట్టదు. 1946లో కబినిలో పట్టిన ఒక చేప 120 పౌన్లు, అనగా సుమారు 54 కిలోలు, తూగింది. ఇంత పేరుమోసిన చేపకు 2018 దాకా సరియైన శాస్త్రీయ నామమే నిర్ణయం కాలేదు. ఆ ఏడు దానిని ‘టార్ రెమాదేవి’గా గుర్తించారు. ఆ ఏడే అది అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవుల పట్టికకెక్కింది.

ఈ దుస్థితి ఎలా వచ్చింది? విచిత్రమేమంటే, మేలు చేయబోయి తెచ్చిన చేటు ఇందులో కొంత ఉన్నది. 1970ల నుండి, మహసీరులు తరిగిపోతున్నాయని, లోనావ్లా కేంద్రంలో పొదిగించిన నీలిరెక్క మహసీరు పిల్లలను కావేరిలో వదిలారు. అది కృష్ణ ఎగువ నీళ్ల చేప. కొత్త నదిలో అది చక్కగా వృద్ధి పొందింది. చుట్టపుచూపుగా వచ్చి ఇల్లంతా ఆక్రమించినట్లయింది. 1998 నుండి 2012 వరకు గాలపు వేటగాళ్లు వ్రాసిపెట్టిన లెక్కలను పరిశోధకులు పరిశీలించారు. నీలిరెక్కవి పెరిగాయి, మూపురపువి తగ్గాయి. పైగా దొరికిన మూపురపు చేపలు ఏటేటా మరింత పెద్దవి. పెద్దవి దొరకడం శుభమనుకోరాదు. పిల్లలు ఎదిగి రావడం లేదని దాని భావం. తాత అవ్వలే మిగిలి, పసివాళ్లు లేని ఇల్లు వంటిదది.

దీనికి తోడు ఆనకట్టలు, ఇసుక తవ్వకం, మందుగుండు వేట. చేపలను మింగే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లో నిషేధించినా, చెరువుల నుండి తప్పించుకున్నవి మన నదులలో తిరుగుతున్నాయి. ఇక మురుగు మాట: బెంగుళూరు ఇళ్లలో పారబోసిన నీరు వృషభావతి ద్వారా అర్కావతిలో చేరి, సంగమం వద్ద కావేరిలో కలుస్తున్నది. ఆ ఇళ్లలో మనవీ ఉన్నవి.

కనుక సోదరీ సోదరులకు ఒక మనవి. గాజుతొట్టిలో పెంచి విసిగిన చేపను పుణ్యమని ఏటిలో వదలవద్దు. అక్కరలేకపోతే అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి. వంట నూనె, పురుగుమందు, రంగుల మిగులు కాలువలో పోయవద్దు. మీ సంఘంవారు చేపపిల్లలను వదిలే ఉత్సవం తలపెడితే, ‘ఇది ఈ నది చేపేనా?’ అని ముందుగా మత్స్యశాఖను అడిగించండి. దయ మంచిదే, ఏ ప్రాణి ఏ నీటిదో తెలిసి చేసిన దయ ఇంకా మంచిది.