పేరు సరే, మైదానం మాటేమిటి?

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ ఇకపై శ్రీవిజయపురమని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2024 సెప్టెంబర్ 13న ప్రకటించారు. వలస పాలన ఆనవాళ్ల నుంచి దేశానికి విముక్తి కలిగించడానికేనట. నేతాజీ తొలిసారి త్రివర్ణ పతాకం ఎగరేసిన చోటు ఇదేనని కూడా గుర్తుచేశారు. ఆ చోటు నాటి జిమ్‌ఖానా మైదానం, నేటి నేతాజీ స్టేడియం. దాన్ని ఎలా కాపాడతారో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరు పోయిందని ఏడ్చేవారెవరూ లేరు, నిజమే. చోళుల నౌకాస్థావరమని చెబుతూ, రాజేంద్ర చోళుడు దండెత్తిన శ్రీవిజయ రాజ్యాన్ని తలపించే పేరు పెట్టడంలోని విడ్డూరాన్నీ వదిలేద్దాం.

ఆనవాళ్లు చెరిపితే విముక్తి వస్తుందన్న మాటే అసలు బుకాయింపు. జిమ్‌ఖానా తెల్లదొరలు ఆడుకున్న మైదానం. 1943 డిసెంబర్ 30న నేతాజీ అక్కడే జెండా ఎగరేశారు. అది దొరల మైదానం కాబట్టే ఆ జెండాకు అంత విలువ. సెల్యులార్ జైలూ బ్రిటిష్‌వాళ్లు కట్టిందే; ఆనవాళ్లు తుడిచేయాలంటే ముందు గునపం దించాల్సింది దాని మీదే. దించారు కూడా! ఏడు విభాగాల్లో మూడే మిగిలాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కూల్చివేత ఆగలేదు. 1963లో ఆ ఆవరణలోనే ఆసుపత్రి వెలిసింది. అక్కడ శిక్ష అనుభవించినవారు గొడవ పెట్టుకోకపోతే ఆ మూడూ దక్కేవి కావేమో. ఆ కూల్చివేతకు అనుమతిచ్చింది ఏ తెల్లదొర?

పేర్ల సంగతి అండమాన్‌కు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. నేతాజీ ఈ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. కానీ అప్పుడు దీవులపై పెత్తనం జపాన్‌దే. జెండా ఎగిరిన నెలకే, 1944 జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతో హంఫ్రీగంజ్‌లో 44 మందిని జపాన్ సైనికులు కాల్చి చంపారు.

2018 డిసెంబర్ 30న ప్రధాని ఇదే స్టేడియంలో రాస్, నీల్, హేవ్‌లాక్ దీవుల పేర్లు మార్చారు. ఆయన అడగ్గానే జనం సెల్‌ఫోన్ లైట్లు వెలిగించి నేతాజీకి నివాళి పలికారు. ఫొటోలకు పనికొచ్చిన మైదానం అమిత్ షా ప్రకటనలో ఒక వాక్యానికి నోచుకోలేదా?

2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఇది మన వాళ్ల ఊరి సంగతి కూడా. స్టేడియం హద్దులు గుర్తించి, గ్యాలరీలతో సహా రక్షిత స్థలంగా గెజిట్‌లో ప్రకటించాలి. అక్కడ గోడ కూల్చాలన్నా, కొత్త కట్టడం లేపాలన్నా ముందు ఊరివాళ్ల అభిప్రాయం అడగాలి. జెండా ఎగిరిన చోట పెట్టే ఫలకం మీద హంఫ్రీగంజ్ మృతుల ప్రస్తావన కూడా ఉండాలి. అది జపాన్‌కు ఇబ్బందా, మరొకరికి ఇబ్బందా అని చూడకూడదు.