ఆరో నెలలోనూ పలకరించాలి

బిడ్డకు పెద్ద జబ్బు చేస్తే పల్లెలో ఇంటికి తాళం పడుతుంది. తల్లి ఆసుపత్రి మంచం పక్కన, తండ్రి అప్పు కోసం తిరుగుతూ ఉంటారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చుకు ఆసరా అయింది. బిడ్డకు సున్నుండ, చిన్న బొమ్మ, తల్లికి వేడి అన్నం మాత్రం ఊరివారే అందించాలి. పదిమంది వంతులు వేసుకుంటే ఇది భారం కాదు.

అయితే డాక్టరును అడగనిదే బిడ్డకు ఏదీ పెట్టరాదు. కేన్సరు మందులు వాడే పిల్లలకు కోసి ఉంచిన పండ్లు ప్రమాదం. మూత్రపిండాల జబ్బులో అరటిపండు సైతం కీడు చేయవచ్చు. జలుబు ఉన్నవారు వెళ్లకపోవడమే మేలు. చందాల లెక్క పంచాయతీ గోడపై రాయాలి. ఫొటోల కోసం బిడ్డను కూర్చోబెట్టరాదు.

మొదటి వారం అందరూ వస్తారు. ఆరో నెలలో కూడా వచ్చేవారే ఆ ఇంటికి అసలైన బంధువులు.