తంపరకు 85 పైసలు

యాభై ఏళ్ల తర్వాత చేతికొచ్చే వంద రూపాయలకు ఏటా పది శాతం డిస్కౌంట్ రేటు వేస్తే, ఇవాళ్టి విలువ 85 పైసలు. ఎంబీఏ ఫైనాన్స్ పాఠాల్లో మొట్టమొదట నేర్పే లెక్కల్లో ఇదొకటి. లెక్కలో తప్పు లేదు. దాన్ని శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరానికి తెచ్చి చూడండి. వానాకాలం వరద నీటిని తనలో పట్టి ఉంచి, చేపకూ పశువుల మేతకూ చోటిచ్చే కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేల మన మనవళ్ల కాలానికి ఇవ్వబోయేదంతా ఆ 85 పైసల్లో కలిసిపోతుంది. అక్కడ థర్మల్ ప్లాంటు పెడితే వచ్చే పాతికేళ్ల కరెంటు అమ్మకం మాత్రం కోట్లలో కనిపిస్తుంది.

ఈ తంపర ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే, భావనపాడు పేరుతోనే, 2,640 మెగావాట్ల థర్మల్ ప్రాజెక్టు తలపెట్టారు. రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ముందు, 2010 జూలై 14న, మరో థర్మల్ ప్రాజెక్టు తలపెట్టిన సోంపేట బీల అనే చిత్తడి నేల దగ్గరా అంతే. అక్కడ కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. కాగితం మీద పనికిరాని నేల అని రాసింది చిత్తడి నేల అని ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టాలా? ఆ కాగితాలు రాసింది, వాటి మీద అప్పులు లెక్కగట్టింది చదువు లేనివాళ్లు కాదు. మన కాలేజీల్లో, మన ఫీజులతో చదివిన పిల్లలే. ఏ ప్యాకేజీ వచ్చిందని అడిగాం గానీ, ఏ నేల మీద సంతకం పెట్టావని ఏ ఇంట్లో అడిగాం?

సుస్థిరత ఇప్పుడు సిలబస్‌లో ఉంది. పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఏటా సుస్థిరత నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన కూడా పెట్టింది. కానీ పక్క గదిలో ఎలక్టివ్‌గా చెబితే అది ఫారం నింపడమే అవుతుంది. ఫైనాన్స్ చెప్పే మాస్టారే, అదే బోర్డు మీద, ఆ 85 పైసలు ఎవరి కంచంలోంచి తీసినవో అడగాలి.

ఉపాధి వద్దనడం లేదు. వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయే మత్స్యకారుల జిల్లా ఇది. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన పోర్టు మీద వాళ్లకూ ఆశలున్నాయి. అయితే పక్కనే నౌపడ ఉప్పు మడులున్నాయి. అక్కడ ఉప్పునీరు మడి నుంచి మడికి పారుతూ ఎండకు చిక్కబడి ఉప్పుగా పేరుకుంటుంది. అకాల వాన ఒక్కటి పడితే నెలల కష్టం కరిగిపోతుంది. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లు మేతకు దిగేదీ ఈ చిత్తడి నేలల్లోనే. ఇవన్నీ ఏ పద్దులో రాస్తారు?

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఊరివాళ్లకు తెలుగులో ఇవ్వాల్సింది నివేదిక సారాంశమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. గంభీరంలోని విశాఖ ఐఐఎం మొదలుకొని టెక్కలి, శ్రీకాకుళం కాలేజీల దాకా అధ్యాపకులందరినీ అడుగుతున్నాను: మీ విద్యార్థులను ఆ నివేదికతో ఈ ఊళ్లకు పంపండి. ప్రతి పేజీ తెలుగులో చదివి వినిపించమనండి. ఉప్పు రైతు, వల వేసే మనిషి అడిగే ప్రశ్నలు రాసుకొచ్చి, వాటికి జవాబు చెప్పాకే ప్రాజెక్టు విలువ తేల్చమనండి. మార్కులు దానికివ్వండి.