శత్రువుతో బేరం



నేను బడిలో చరిత్ర చెప్పే రోజుల్లో ఒక కుర్రవాడు, "మాస్టారూ, యుద్ధం చేసే దేశాలు ఒకదాని సరుకు ఒకటి కొంటాయా?" అని అడిగాడు. దానికి జవాబుగా వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను.

ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ ఐరోపాలో చాలా భాగం జయించాడు గాని, ఇంగ్లండును జయించలేకపోయాడు. ఇంగ్లండు చుట్టూ సముద్రం; సముద్రం మీద వారి ఓడలు. ఆ దేశానికి బలం వర్తకం వల్ల వస్తున్నదని గ్రహించి, 1806లో అతడు ఒక శాసనం చేశాడు: ఐరోపాలో ఎవరూ ఇంగ్లండుతో వర్తకం చేయరాదు! ఇంగ్లండు ఊరుకుంటుందా? ఫ్రాన్సు రేవులకు పోయే ఓడలను అడ్డుకున్నది.

ఆ రోజుల్లో చక్కెర వెస్టిండీసు దీవులనుంచి ఓడల్లో వచ్చేది. ఓడలు రాక చక్కెర ధర మండిపోయింది. ఒక రకం బీటు దుంపలో చక్కెర ఉన్నదని మార్గ్రాఫ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1747లోనే కనిపెట్టాడు. ఆ దుంపను విరివిగా పండించమని 1811లో నెపోలియన్ ఉత్తరువు చేశాడు. ఈ విధంగా ఫ్రాన్సులో దుంప చక్కెర పరిశ్రమ పెరిగింది.

చక్కెరకు ఉపాయం దొరికింది. మరి ధాన్యం మాట? ఇంగ్లండులో పంటలు పాడైనప్పుడు, 1810 ప్రాంతంలో, నెపోలియనే లైసెన్సులిచ్చి తన దేశపు ధాన్యం అక్కడికి పోనిచ్చాడు! తన రైతుల ధాన్యం అమ్ముడుపోవాలి, ఇంగ్లండు బంగారం తనకు రావాలి. శత్రువు ఆకలి తీర్చినవాడు శత్రువే!

నెపోలియన్ మాట విని రష్యా కూడా ఇంగ్లండుతో వర్తకం మానింది. కాని తన కలపా, నారా కొనేవారు లేక నష్టపడి, 1810 చివర మాట తప్పింది. ఈ తగవు ఒక కారణంగా నెపోలియన్ 1812లో రష్యా మీదికి దండెత్తి, తన మహాసైన్యాన్ని పోగొట్టుకున్నాడు.

ఇది పాత కథ అనుకోకండి. 2022లో రష్యా యుక్రెయిన్ మీద దండెత్తగానే, పశ్చిమ దేశాలు తమ వద్ద దాచిన రష్యా నిధిని, సుమారు 30,000 కోట్ల డాలర్లను, కదలకుండా పట్టిపెట్టాయి. అయినా రష్యా గ్యాసు యుక్రెయిన్‌లోని గొట్టాల గుండానే ఐరోపాకు పోతూ వచ్చింది. ఐరోపాకు గ్యాసు కావాలి, రష్యాకు డబ్బు కావాలి, యుక్రెయిన్‌కు దారి రుసుము కావాలి. 2025 జనవరి 1న గాని అది ఆగలేదు.

వర్తకాన్ని ఆపితే శత్రువుకు దెబ్బ తగులుతుంది, నిజమే. కాని ఆ తాడు రెండో కొస మన నడుముకే కట్టి ఉన్నదేమో ముందు చూసుకోవాలి. లాగిన తరవాత చూసుకుని లాభం లేదు!