క్షమాభిక్షకూ ఒక పద్ధతి ఉండాలి

శిక్ష తగ్గించమని ఖైదీలు పెట్టుకునే అర్జీలు ప్రభుత్వం ముందుకు వచ్చాయంటే మన పల్లెల్లో రెండు ఇళ్ళవారు ఎదురు చూస్తారు. ఒకటి ఖైదీ ఇల్లు, రెండవది హతుని ఇల్లు. తరచు ఈ రెండిళ్ళూ ఒకే ఊళ్ళో ఉంటాయి. ముఠా తగాదాలతో ఎంతో నష్టపోయిన మాచర్ల, గురజాల ప్రాంతాలకు ఇది కేవలం కాగితాల వ్యవహారం కాదు.

రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికి, 161వ అధికరణం కింద గవర్నరుకు శిక్షను రద్దు చేసే, తగ్గించే అధికారం ఉంది. మంత్రివర్గ సలహా మేరకు వారు దీనిని వినియోగిస్తారు. ఇది కాక ప్రభుత్వానికి చట్టం ఇచ్చిన అధికారం వేరే ఉంది. అయితే మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవ శిక్ష పడినవారిని 14 ఏళ్ళు జైలులో గడపనిదే ఆ చట్టం కింద విడుదల చేయరాదని 1978లో నిబంధన వచ్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అది కొనసాగుతున్నది.

క్షమాభిక్ష అవసరమా అనేవారు చిలకలూరిపేట బస్సు దహనం కేసును గుర్తు చేసుకోవాలి. 1993 మార్చి 8న దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు బస్సుకు నిప్పు పెట్టగా 23 మంది మరణించారు. వారికి పడిన ఉరిశిక్షను 1996లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. రచయిత్రి మహాశ్వేతాదేవి వంటివారు ప్రాణభిక్ష కోరగా, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవ శిక్షగా మార్చారు. ఆప్తులను పోగొట్టుకున్నవారి దుఃఖం తీరేది కాదు. అయినా ఆ ఇద్దరు పేద యువకుల వెనుక ఏ పార్టీ బలమూ లేదు. దయ చూపవలసింది అటువంటివారి విషయంలోనే.

దీనికి భిన్నమైనది కర్నూలు జిల్లా కేసు. ముఠా హత్యల కేసులో పదేళ్ళ శిక్ష పడిన ఒక నాయకునికి గవర్నరు ఇచ్చిన తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆయన ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అని అధికారుల నివేదికలో రాసి ఉండడాన్ని కోర్టు తప్పు పట్టింది. కులం, మతం, రాజకీయ విధేయత క్షమాభిక్షకు కొలబద్దలు కారాదని చెప్పింది.

పలుకుబడి గలవాని అర్జీ పరుగులు తీస్తుంది. దిక్కులేనివాని తరఫున అర్జీ రాసేవారే ఉండరు. అర్హులైన ఖైదీలు దరఖాస్తు పెట్టకపోయినా ప్రభుత్వమే వారి విషయం పరిశీలించాలని, కారణాలు చూపుతూ ఉత్తర్వులివ్వాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది హర్షణీయం. దీనిని జైలు అధికారులు తు.చ. తప్పక అమలు జరపాలి.

అంతటితో సరిపోదు. విడుదలకు ముందు హతుని కుటుంబాన్నీ విచారించాలి. పాత పగ ఆరిందా, రగులుతున్నదా అన్నది పోలీసులు ఊరికి వచ్చి తెలుసుకోవాలి గాని స్టేషనులో కూర్చుని రాయరాదు. జైలులో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కున్నదని ఖైదీల కుటుంబాలు కూడా తెలుసుకోవాలి.

తప్పు తెలుసుకుని మారినవాడు ఇంటికి రావలసిందే. కాని అతడు ఎందుకు వచ్చాడో ఎదురింటి వితంతువుకు కూడా ప్రభుత్వం సమాధానం చెప్పగలగాలి.