ఎన్నేండ్లు నడుస్తుంది?

కొనబోయే వస్తువును మరొక వస్తువుతో పోల్చి చూడడం మనకు కొత్తగా అబ్బిన అలవాటు కాదు. అంగడిలో కుండను వేలితో తట్టి, శబ్దం విని కొనడం మన పెద్దలకు తెలుసు. ఎద్దు నోరు తెరిచి, పళ్ళు చూసి ఈడు లెక్కగట్టడం తెలుసు. చీర చెంగును వెలుతురుకు పట్టి పడుగు, పేక ఎంత ఒత్తుగా ఉన్నాయో చెప్పడం తెలుసు. ఈ విద్యలను వారు ఏ పాఠశాలలోనూ నేర్వలేదు. కష్టార్జితం చేతి నుండి జారిపోయే ముందు మనిషికి కలిగే జాగ్రత్తే వారికి గురువు. అటువంటి పెద్దలు స్మార్ట్‌ఫోన్ల దుకాణంలో అడుగు పెట్టగానే మూగబోతున్నారు. అక్కడ తట్టి చూడడానికి కుండ లేదు, లెక్కపెట్టడానికి పళ్ళు లేవు. పెట్టె మీద అంకెలు మాత్రమే ఉన్నాయి.

రామన్నపేట ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలోను, అప్పటి నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోను ఉన్నది. సికింద్రాబాదు నుండి గుంటూరుకు వెళ్ళే రైలుమార్గం ఈ ఊరి మీదుగా పోతుంది. సిరిపురం, వెల్లంకి వంటి చేనేత గ్రామాలు ఈ మండలంలోనివే. ఒకనాడు ఇక్కడి ఒక దుకాణంలో నేను చూసిన చిన్న సంఘటనే ఈ వ్యాసానికి మూలం. మగ్గం మీద జీవితం గడిపిన ఒక వృద్ధుడు, పదవ తరగతి పూర్తి చేసి ఇంటర్మీడియట్‌లో చేరబోతున్న మనుమరాలి కోసం ఫోను కొనడానికి వచ్చాడు. అమ్మే యువకుడు ఓపికగానే చెప్పాడు.

"ఇది ఎనిమిది జీబీ ర్యామ్ తాతా, ఇంకో ఎనిమిది పెంచుకోవచ్చు. కెమెరా యాభై మెగాపిక్సెల్. బ్యాటరీ ఐదు వేలు. ఈ ధరల దీన్ని మించింది లేదు."

"గవన్నీ సరే గని బిడ్డా, ఇది ఎన్నేండ్లు నడుస్తది?"

"వారంటీ ఒక సంవత్సరం తాతా."

"నేనడిగింది వారంటీ గాదు."

యువకుని వద్ద సమాధానం లేదు. పెట్టె మీద కూడా లేదు. వృద్ధుడు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఫోన్ల గురించి ఆయనకు ఏమీ తెలియదని అక్కడున్నవారు అనుకొని ఉంటారు. నా దృష్టిలో ఆనాడు ఆ దుకాణంలో అడగవలసిన ప్రశ్నను అడిగినవాడు ఆయన ఒక్కడే.

మన దేశంలో మొదటి మొబైల్ ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. ఆనాడు ఫోను మాట్లాడుకోవడానికే. ఈనాడు అదే బ్యాంకు, అదే బడి, అదే దరఖాస్తుల కార్యాలయం. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1న, మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు ఎన్నో కుటుంబాలు పిల్లల చదువు కోసం హడావిడిగా ఫోన్లు కొన్నాయి. నేనూ కొన్నాను. పెట్టె మీది పెద్ద అంకెలను చూసి, పక్కనున్న ఫోను కంటే ఇదే మేలని నమ్మి కొన్నాను. రెండేళ్ళు తిరిగేసరికి దానికి కొత్త సాఫ్ట్‌వేర్ రావడం ఆగిపోయింది. తెర పగిలితే సరిపోయే తెర దొరకలేదు. నేను పోల్చకుండా కొన్నానని ఎవరూ అనలేరు. పోల్చవలసినదాన్ని వదిలి, మరొకదాన్ని పోల్చాను.

ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకెలను మొదట పరిశీలిద్దాం. ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 200 మెగాపిక్సెళ్ళ కెమెరా 20 కోట్ల చుక్కలతో చిత్రాన్ని తీయగలదు. ఆ చిత్రాన్ని మనం చూసే తెర మీద, 1080 అడ్డు వరుసకు 2400 నిలువు వరుస చొప్పున లెక్కిస్తే, ఉన్నవి సుమారు 26 లక్షల చుక్కలే. పైగా చుక్కల సంఖ్య కంటే వెలుతురును గ్రహించే సెన్సర్ పరిమాణం, కటకం నాణ్యత చిత్రాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ర్యామ్ సంగతి కూడా ఇటువంటిదే. 'మరో ఎనిమిది పెంచుకోవచ్చు' అన్నప్పుడు ఫోనులో కొత్త ర్యామ్ ఏదీ చేరదు. ఫొటోలు, పుస్తకాలు దాచుకునే నిల్వ నుండి కొంత భాగాన్ని తీసి తాత్కాలికంగా వాడుకుంటుంది. అది అసలు ర్యామ్ కంటే చాలా నెమ్మదైనది. ఇంటి గాదెలో తీసి వంటింటి డబ్బాలో పోసినంత మాత్రాన ధాన్యం పెరుగుతుందా?

ఈ అంకెలు అబద్ధాలు కావు. అవి అమ్మేవానికి చెప్పుకోవడానికి అనువైన నిజాలు. కొనేవానికి కావలసిన నిజాలు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయం. ఫోనును దొంగల బారి నుండి కాపాడే భద్రతా సవరణలను తయారీదారు కొన్నేళ్ళ పాటే పంపుతాడు. అవి ఆగిన తరువాత కూడా ఫోను వెలుగుతుంది, మోగుతుంది. కాని దానిలో డబ్బు వ్యవహారాలు నడపడం గడియ లేని తలుపు వెనుక నిద్రపోవడం వంటిది. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కు ఆ సంస్థలు ఏడేళ్ళ సవరణలను వాగ్దానం చేశాయి. తక్కువ ధర ఫోన్లలో ఈ గడువు సాధారణంగా తక్కువగా ఉంటుంది. గమనించవలసిన మరొక సంగతి ఉన్నది. చాలా సందర్భాలలో ఈ గడువు మనం కొన్న రోజు నుండి గాక, ఆ నమూనా మార్కెట్లోకి వచ్చిన రోజు నుండి మొదలవుతుంది. దసరాకు సగం ధరకు వస్తున్న పాత నమూనా తన ఆయుష్షులో సగం దుకాణంలోనే గడిపి ఉండవచ్చు. ఎద్దు పళ్ళు చూడడమంటే ఇదే.

రెండవది బ్యాటరీ. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఆపిల్ సంస్థ తన ఫోన్లను 0 నుండి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడవలసిందిగా సూచిస్తుంది. మన నల్లగొండ ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలను దాటడం ఏటా చూసేదే. కాబట్టి ఇక్కడ వాడే ఫోనుకు బ్యాటరీ మార్చవలసిన అవసరం ఒకనాడు తప్పక వస్తుంది. బ్యాటరీ ఎంత పెద్దదని అడగడంతో పాటు, మార్చడానికి ఎంత అవుతుంది, దగ్గరలో ఎక్కడ మారుస్తారు అని అడగాలి. అధీకృత మరమ్మతు కేంద్రం హైదరాబాదులోనే ఉంటే ప్రయాణపు ఖర్చును, పోగొట్టుకునే ఒక రోజు కూలిని కూడా ఫోను ధరలో కలుపుకోవాలి.

మూడవది మన భాష. భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 16333 ప్రమాణం ప్రకారం, మన దేశంలో అమ్మే ప్రతి మొబైల్ ఫోనులోను 22 అధికార భాషల సందేశాలు చదవడానికి వీలుండాలి. ప్రమాణం ఉన్నంత మాత్రాన అన్ని ఫోన్లలో తెలుగు ఒకే తీరున ఉండదు. దుకాణంలోనే 'స్త్రీ', 'క్షేత్రం', 'సంస్కృతి' అని రాసి చూడాలి. ఒత్తులు చక్కగా కుదురుతున్నాయా, అక్షరాలు పెద్దవి చేస్తే చెదిరిపోతున్నాయా, తెలుగులో మాట్లాడితే సరిగ్గా రాస్తున్నదా అని పరీక్షించాలి. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లిదండ్రులున్న ఇంట్లో కెమెరా కంటే ఈ పరీక్ష ముఖ్యమైనది. అలాగే నమూనా ఫోనును దుకాణం బయటి ఎండలోకి తీసుకుపోయి తెర కనిపిస్తున్నదో లేదో చూడాలి. చీరను వెలుతురుకు పట్టి చూసే అలవాటు ఇక్కడా పనికి వస్తుంది.

ఇప్పుడు ధర మాట. రెండు ఫోన్లు ఉన్నాయనుకుందాం. ఒకదాని వెల రూ. 9,000. అది రెండేళ్ళు పనిచేస్తుంది. మరొకదాని వెల రూ. 14,000. అది నాలుగేళ్ళు పనిచేస్తుంది. మొదటిది ఏడాదికి రూ. 4,500 తింటుంది, రెండవది రూ. 3,500 మాత్రమే. చౌకగా కనిపించినది ఖరీదైనదని తేలింది. ధరను ఏండ్లతో భాగించడం ఏడవ తరగతి లెక్క. దుకాణంలో ఆ లెక్క వేయనీయకుండా చేసేవి తగ్గింపులు, గడువు గంటలు, 'వడ్డీ లేని' వాయిదాలు. 2013 సెప్టెంబరులోనే భారతీయ రిజర్వు బ్యాంకు, శూన్య వడ్డీ అనే భావనే లేదని బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ వడ్డీ రుసుము రూపంలోనో, పోగొట్టుకున్న తగ్గింపు రూపంలోనో ఎక్కడో ఒకచోట దాగి ఉంటుంది. నెలకు ఎంత అని కాక, మొత్తం ఎంత చెల్లిస్తామని అడగాలి.

ఇన్ని చూడడం సామాన్యునికి సాధ్యమా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పది ఫోన్లను, ప్రతి దానిలో ముప్ఫై గుణాలను పోల్చబోయే మనిషి చివరకు అలసిపోయి అమ్మేవాడు చూపినదే కొంటాడు. అందుకే పోలిక ఫోన్ల దగ్గర గాక మన ఇంటి దగ్గర మొదలు కావాలి. దీనికి మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం యంత్రాల మీది మోజుతో యంత్రం తయారు చేయలేదు. చీర కోసం ఆసు పోయడంలో వేలసార్లు చేయి ఊపి ఊపి తన తల్లి భుజాలు పడిన బాధను ఆయన చూశాడు. ఆ బాధే కొలమానంగా 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేసి, తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పిలిచాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అవసరం ముందు తెలిసినవానికి యంత్రంలో ఏది ఉండాలో, ఏది అక్కరలేదో తెలుస్తుంది. ఇంట్లో ఈ ఫోనుతో ఎవరు ఏ పని చేస్తారు, మన ఇంట్లో ఏ సంస్థ సిగ్నల్ అందుతుంది, ఎంత డబ్బు అప్పు లేకుండా ఇవ్వగలం అనే మూడు మాటలు కాగితం మీద రాసుకుంటే, పదింటిలో ఏడు ఫోన్లు వాటంతట అవే తొలగిపోతాయి. మిగిలిన మూడింటిని పోల్చడం కష్టం కాదు.

స్నేహితుని చేతిలో ఉన్నదే కావాలని పట్టుబట్టే విద్యార్థులకు కూడా ఒక మాట చెప్పాలి. మీ ఫోను వెల మీ ఇంటివారి ఎన్ని రోజుల శ్రమకు సమానమో ఒకసారి లెక్కవేయండి. ఆ లెక్క మిమ్మల్ని కించపరచడానికి కాదు, మీ ఎంపికకు ఒక బరువు ఇవ్వడానికి.

కొన్న తరువాత కూడా కొన్ని హక్కులు మిగిలే ఉంటాయి. *#06# నొక్కితే ఫోను 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను చూపుతుంది. అది పెట్టె మీద, రసీదు మీద ఉన్న సంఖ్యతో సరిపోవాలి. 'కేవైఎం' అనే మూడు ఆంగ్లాక్షరాల తరువాత ఖాళీ వదిలి, ఆ సంఖ్యను 14422కు సందేశంగా పంపితే ఆ ఫోను వివరాలు తెలుస్తాయి. పాత ఫోను కొనేవారు దీనిని తప్పక చేయాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో చెప్పుకోవచ్చు. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వీటన్నిటికీ ఆధారం రసీదు. పన్ను తప్పుతుందని రసీదు వద్దనుకునేవాడు తన హక్కునే వద్దనుకుంటున్నాడు.

అయినా జాగ్రత్త భారమంతా కొనేవాని భుజాల మీదనే మోపడం న్యాయం కాదు. మందుబిళ్ళ పొట్లం మీద గడువు తేదీ ఉన్నది. బిస్కెట్ల పొట్లం మీద ఉన్నది. నెలల సంపాదనను మింగే ఫోను పెట్టె మీద ఎందుకు ఉండకూడదు? యూరోపియన్ సమాఖ్య ఆ పని చేసి చూపింది. 2025 జూన్ 20 నుండి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు పూర్తిగా నింపి వాడిన తరువాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకోవాలి. ఒక నమూనా అమ్మకం ముగిసిన తరువాత కనీసం ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ సవరణలు, ఏడేళ్ళు ముఖ్యమైన విడిభాగాలు అందించాలి. ఎంత సులభంగా బాగు చేయవచ్చో తెలిపే చీటీ ప్రతి ఫోనుతోను ఉండాలి. మన దేశంలో కూడా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కుకు ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. మరమ్మతు సూచికపై ఏర్పాటైన కమిటీ 2025లో తన నివేదికను సమర్పించింది. ఆ సూచిక నివేదికలలో నిలిచిపోకుండా మన ఊరి దుకాణంలోని ప్రతి పెట్టె మీదికీ చేరాలి. అది తెలుగులో ఉండాలి.

చీర నేసినవాడు అది ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పగలడు. కుండ చేసినవాడు చెప్పగలడు. ఫోను చేసినవానికి కూడా తెలుసు. తెలిసిన సంగతిని చెప్పించడం ప్రభుత్వాల బాధ్యత. అంతవరకు అడగడం మాత్రం మన బాధ్యత. ఒక్కడు అడిగితే అమ్మేవాడు మౌనంగా ఊరుకోవచ్చు. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ ఆ వృద్ధునిలాగా "ఎన్నేండ్లు నడుస్తది?" అని అడిగితే, సమాధానం తెచ్చుకోక తప్పదు.